లో-యాంగిల్ చిత్రిక కొనేముందు: డబ్బు ఎక్కడ పెట్టాలి, ఎక్కడ ఆపాలి

"కోణం తక్కువ కాబట్టి వెన్నలా తెగుతుంది" అని చెప్పి లో-యాంగిల్ చిత్రికలు (బ్లేడు తక్కువ వాలులో కూర్చునే, చెక్కని నున్నగా చేసే వడ్రంగి పనిముట్లు) అమ్ముతుంటారు. అది సగం నిజమే. బ్లేడు మొద్దుబారితే కోత కోణం 37 డిగ్రీలైనా 45 డిగ్రీలైనా చెక్కని పీకడమే తప్ప కొయ్యడం ఉండదు. ఈ రకం చిత్రికలో అసలు విలువ వేరే రెండు చోట్ల ఉంది. ఒకటి, అదే ఇనుప ఒంటికి వేరే బ్లేడు పెట్టి కోత కోణాన్ని మార్చుకోవచ్చు. రెండు, నోటిని, అంటే అడుగున బ్లేడు బయటికి వచ్చే సందుని, చిటికెలో సన్నం చేసుకోవచ్చు, వెడల్పు చేసుకోవచ్చు. ఈ రెండూ సరిగా పనిచెయ్యని చిత్రిక ఎంత చవగ్గా దొరికినా దండగే. పనిచేస్తే మాత్రం పెద్ద పేరు లేకపోయినా తీసుకోవచ్చు.

1. ముందు కోణాల లెక్క

నంబర్ 4, నంబర్ 5 అని పిలిచే మామూలు ఇనుప చిత్రికల్లో బ్లేడు 45 డిగ్రీల పీఠం (బ్లేడుని ఆనించే ఏటవాలు చోటు) మీద, నూరిన వాలు కిందికి ఉండేలా కూర్చుంటుంది. ఆ వాలుని 25కి నూరినా 30కి నూరినా చెక్కకి తగిలే కోణం 45 డిగ్రీలే. లో-యాంగిల్‌లో పీఠం 12 డిగ్రీలు, నూరిన వాలు పైకి ఉంటుంది. అందుకని పీఠం కోణానికి నూరిన కోణం కలిపితే కోత కోణం వస్తుంది. 25కి నూరితే 37, 38కి నూరితే 50, 50కి నూరితే 62.

37 డిగ్రీలు పలక కొసలకి, అంటే నారలకి అడ్డంగా కోసిన ముఖానికి బాగుంటుంది. అక్కడ నారల చివర్లు పైకి నిలబడి ఉంటాయి. కోణం తగ్గేకొద్దీ వాటిని వంచి తెంపడం పోయి, తిన్నగా కొయ్యడం మొదలవుతుంది. చేతికి బలం తక్కువ పడుతుంది. 62 డిగ్రీలు దీనికి పూర్తిగా తిరగేసిన పని చేస్తుంది. వేప, మామిడి లాంటి చెక్కల్లో నార ఒక చార అటు, ఇంకో చార ఇటు తిరిగి ఉంటుంది. ఎటు నుంచి తోసినా ఏదో ఒక చోట పెచ్చు లేస్తుంది. నిటారు కోణం పెడితే బ్లేడు ఆ నారని ఎత్తదు, గీకినట్టుగా తీస్తుంది. తొయ్యడం కష్టమే, కానీ ముఖం పాడవదు.

ఇక్కడ అమ్మేవాళ్ళు చెప్పని మెలిక ఒకటుంది. ఇప్పుడు చాలా చిత్రికలకి ఏ2 అనే స్టీల్ బ్లేడు వస్తోంది. అది పదును ఎక్కువసేపు నిలుపుతుంది కానీ 25 డిగ్రీల సన్నని అంచు మీద చిన్న చిన్న పలుకులుగా రాలే గుణం దానికుంది. అందుకే చాలామంది దాని అంచుని 30కి, ఆ పైకి నూరుతారు. అప్పుడు మీ 37 కాస్తా 42 అవుతుంది. మామూలు చిత్రిక 45కి, దీనికి తేడా మూడే డిగ్రీలు! కోణం ఒక్కదాని కోసమే కొంటున్నవాళ్ళు ఇక్కడ కాసేపు ఆగి ఆలోచించుకోవాలి.

2. మీ పని ఏమిటో రాసుకోండి

నిజంగానే కాగితం మీద రాయండి. వానాకాలంలో ఉబ్బి పట్టేసే తలుపు రెక్కల్ని సరిచెయ్యడం, అంచుల కరుకు తియ్యడం, కూసాలు (గూడులోకి దిగే చెక్క కొసలు), అతుకులు గూడులో కూర్చునేలా రవ్వంత తగ్గించడం మీ పనైతే మీకు కావలసింది అరచేతిలో ఇమిడే లో-యాంగిల్ బ్లాక్ ప్లేన్. ఆరేడు అంగుళాల పొడవుంటుంది, ఒక చేత్తో పట్టుకుని మరో చేత్తో చెక్కని ఆపుకోవచ్చు.

పలక కొసల్ని షూటింగ్ బోర్డు మీద సరిగ్గా 90 డిగ్రీలకి తెచ్చుకోవాలి, డబ్బాలు, ఫ్రేములు, సొరుగులు చెయ్యాలి అనుకుంటే 14 – 15 అంగుళాల లో-యాంగిల్ జాక్ ప్లేన్ వైపు చూడండి. షూటింగ్ బోర్డు అంటే చిత్రికని పక్కకి పడుకోబెట్టి, పట్టీకి ఆనించి తోసే పలక. ఈ పనిలో జాక్ బరువే సగం పని చేసిపెడుతుంది.

మీ పనంతా ప్లైవుడ్, లామినేట్, ఎండీఎఫ్ మీదే అయితే ఇంత దూరం రానక్కరలేదు. ప్లైవుడ్ పొరల మధ్య గట్టిపడిన జిగురు మంచి బ్లేడు అంచుని చూస్తుండగానే తినేస్తుంది. దానికి చవక బ్లాక్ ప్లేన్ ఒకటి, కరెంటుతో నడిచే ట్రిమ్మర్ ఒకటి చాలు.

కేవలం పెద్ద పలకల ముఖాలు నున్నగా చెయ్యడమే లక్ష్యమైతే, నా ఓటు మామూలు నంబర్ 4 లేదా 5కే. అందులో బ్లేడు మీద చిప్‌బ్రేకర్ అనే ఇంకో ఇనుప పట్టీ ఉంటుంది. దాన్ని అంచుకి బాగా దగ్గరగా జరిపితే, తిరుగుడు నారని కూడా పెచ్చు లేవకుండా తీస్తుంది. లో-యాంగిల్‌లో చిప్‌బ్రేకర్ ఉండదు కాబట్టి ఆ పని నిటారు కోణంతో, సన్నని నోటితో చేయించుకోవాలి. ధర కూడా మామూలు నంబర్ 5ది తక్కువ.

3. బ్లాకా, జాకా?

మొదటిసారి కొనేవాళ్ళకి నా సలహా బ్లాక్. ధర జాక్ కంటే బాగా తక్కువ, ప్రతి పనిలోనూ చేతికి వస్తుంది. రేపు ఎన్ని పెద్ద చిత్రికలు కొన్నా ఇది మూలపడదు. జాక్ కొనడానికి గట్టి కారణాలు రెండే. ఒకటి పైన చెప్పిన షూటింగ్ బోర్డు. రెండోది, ఇంట్లో చోటు లేక ఒకే ఒక్క పెద్ద చిత్రికతో అన్ని పనులూ నెట్టుకురావాలి అనుకోవడం. అపార్ట్‌మెంట్ బాల్కనీలో పని చేసుకునేవాళ్ళకి ఈ రెండో కారణం తేలిగ్గా తీసుకునేది కాదు.

ఇంకో జాగ్రత్త. బ్లాక్ ప్లేన్లు అన్నీ లో-యాంగిల్ కావు. అమెరికా కంపెనీ స్టాన్లీ పాత నంబర్ల లెక్కలో 60½, 65 అనేవి సుమారు 12 డిగ్రీల పీఠంవి. 9½ అనేది 20 డిగ్రీల దగ్గరది. 20కి 25 కలిపితే మళ్ళీ 45 దగ్గరికే వచ్చాం. బయటి నుంచి చూస్తే ఇవన్నీ ఒక్కలాగే ఉంటాయి, అమ్మకం పేజీలో కోణం రాయనివి కూడా బోలెడు. కొలుచుకోవడానికి ఒక చిన్న ఉపాయం: చిత్రికని చదునైన గాజు మీద పెట్టి, బ్లేడు వెంబడి 50 మి.మీ. దూరం వెళ్తే ఎంత ఎత్తు లేచిందో స్కేలుతో చూడండి. 10 మి.మీ. దగ్గర ఉంటే 12 డిగ్రీలు. 17 మి.మీ. ఉంటే 20 డిగ్రీలు.

4. ఏ మెట్టు మీద ఏం దొరుకుతుంది

ధరలు ఎప్పటికప్పుడు మారుతుంటాయి కాబట్టి వరస మాత్రమే చెబుతాను.

పై మెట్టున రెండు పేర్లు: అమెరికాలోని మెయిన్ రాష్ట్రంలో 1981లో మొదలైన లీ-నీల్సన్, కెనడాలో 1978లో మొదలైన లీ వ్యాలీ వాళ్ళ వెరిటాస్. రెండూ డక్టైల్ ఐరన్ అనే, కాస్త సాగే గుణమున్న పోత ఇనుముతో పోస్తారు. బల్ల మీద నుంచి జారి పడితే మామూలు పోత ఇనుములా పుటుక్కున విరగదు. లీ-నీల్సన్ జాక్ పాత స్టాన్లీ 62 రూపాన్ని మెరుగుపరిచి చేసింది, చేతికి కాస్త సన్నగా, చురుగ్గా ఉంటుంది. వెరిటాస్ జాక్ 15 అంగుళాల పొడవు, 2¼ అంగుళాల బ్లేడు, ఇంకాస్త బరువు. దాని నోటి దగ్గర ఒక చిన్న ఆపుడు స్క్రూ ఉంటుంది. నోరు మూసేటప్పుడు ముందు పలక (నోటి ముందు జరిగే ఇనుప ముక్క) వచ్చి బ్లేడు అంచుని గుద్దకుండా అది ఆపుతుంది. చూడ్డానికి చిన్న విషయమే కానీ కొత్తవాళ్ళ బ్లేడు అంచులు ఎక్కువగా పాడయ్యేది అక్కడే. 25, 38, 50 డిగ్రీలకి నూరిన బ్లేడ్లు వెరిటాస్ విడిగా అమ్ముతుంది. అవే బ్లేడ్లు వాళ్ళ బెవెల్-అప్ (నూరిన వాలు పైకి ఉండే) స్మూదర్, జాయింటర్ అనే వేరే సైజు చిత్రికలకి కూడా సరిపోతాయి. ముందుముందు ఇంకోటి కొనే ఆలోచన ఉంటే ఇది లెక్కలోకి తీసుకోవలసిన పొదుపు.

మధ్య మెట్టున చైనాలో తయారయ్యే లూబాన్, వుడ్‌రివర్ లాంటివి. బరువుగా, మందపాటి బ్లేడుతో వస్తాయి. అసలైన విలువ, నా లెక్కలో, ఈ మెట్టు మీదే ఉంది. పెట్టె తెరిచాక ఒక సాయంత్రం కూర్చుని సరిచేసుకునే ఓపిక ఉంటే పై మెట్టు పనితనానికి బాగా దగ్గరికి వస్తాయి.

దాని కింద స్టాన్లీ స్వీట్‌హార్ట్ వరస: జాక్ 62 (మోడల్ నంబర్ 12-137), బ్లాక్ 60½ (12-139). డిజైన్ మంచిదే. అయితే ఈ ధరలో ఏ కంపెనీదైనా ఒక్కో ముక్క ఒక్కోలా వస్తుంది కాబట్టి, వాపసు ఇచ్చే వీలున్న చోటే కొనాలి.

అన్నిటికన్నా కింద, హార్డ్‌వేర్ షాపుల్లో దొరికే పలచటి బ్లేడు బ్లాక్ ప్లేన్లు. అనంత్ లాంటి మన దేశపు కంపెనీలు ఎన్నో ఏళ్ళుగా ఇనుప చిత్రికలు చేస్తున్నాయి. ఈ ధరలో రెండు షరతులు పెట్టుకోండి: నోరు జరపగలిగేది అయ్యుండాలి, బ్లేడు లోతు మార్చడానికి మర ఉండాలి. సుత్తితో తట్టి లోతు సరిచేసే, నోరు కదలని రకం తలుపు అంచు గీకడానికి పనికొస్తుంది, అంతకు మించి ఆశించకండి.

5. చేతికి వచ్చిన రోజే చెయ్యాల్సిన పరీక్షలు

వాపసు గడువు దాటకముందే ఇవన్నీ పూర్తిచెయ్యాలి. కావలసినవి: ఒక మంచి స్టీల్ స్కేలు, మూలమట్టం, మార్కర్ పెన్ను, బైక్ మెకానిక్‌లు ట్యాపెట్ సెట్ చేసే ఫీలర్ గేజ్ (మందం రాసి ఉన్న సన్నని రేకుల కట్ట).

బ్లేడు బిగించి, అంచుని మాత్రం లోపలికి లాగి పెట్టండి. బిగింపు పడితేనే ఒంటి అసలు ఆకారం తెలుస్తుంది. ఖాళీ ఒంటిని కొలిస్తే మోసపోతారు. చిత్రికని తిప్పి, అడుగు మీద స్కేలు అంచుని పొడవునా, మూల నుంచి మూలకి ఆనించి వెలుతురుకి ఎదురుగా పట్టుకోండి. ముందు కొస, నోటి ముందు అంచు, వెనక కొస – ఈ మూడూ ఒకే మట్టంలో ఉండాలి. మధ్యలో ఎక్కడో చిన్న గుంట ఉన్నా పని ఆగదు. కానీ సరిగ్గా నోటి ముందు గుంట ఉంటే మాత్రం చెక్కని నొక్కిపట్టే భాగమే లేనట్టు. సన్నని నోరు పెట్టుకుని ప్రయోజనం ఉండదు. అక్కడ 0.05 మి.మీ. రేకు దూరితే సరిచేసుకోవచ్చు. జాక్‌కి 0.1 మి.మీ. దాటితే నేనైతే వెనక్కి పంపిస్తాను, ఎందుకంటే అంత పొడవాటి ఇనుముని చేత్తో అరగదీయడం చెమటలు పట్టించే పని. బ్లాక్‌కి అయితే 8 – 10 మి.మీ. మందం గాజు మీద 80 నంబర్ గరుకు కాగితం అతికించి, తర్వాత 120, 220 వాడి సరిచెయ్యడం పెద్ద కష్టం కాదు. అడుగు మీద మార్కర్‌తో గీతలు గీసి రుద్దండి. గీతలు ఎక్కడ పోతే అక్కడ ఎత్తు ఉందని అర్థం.

తర్వాత నోరు. ముందు పలకని వదులు చేసి జరపండి. ఎత్తుపల్లాలు లేకుండా జారాలి. బిగించాక అడుగుతో సమంగా ఉండాలి. వేలు ఆడిస్తే మెట్టులా తగిలితే అది తప్పే. నోటి అంచు, బ్లేడు అంచు సమాంతరంగా ఉన్నాయో లేదో కూడా చూడండి.

పీఠం పరీక్ష చాలామంది వదిలేస్తారు. నా దృష్టిలో ఇదే ముఖ్యమైనది, ఎందుకంటే 12 డిగ్రీల వాలులో నోటి వెనక ఇనుము బాగా పలచన. బ్లేడు అక్కడ పూర్తిగా ఆనకపోతే కోత సమయంలో కంపిస్తుంది, చెక్క మీద అలలు అలలుగా గుర్తులు పడతాయి. బ్లేడు కింది ముఖానికి మార్కర్ పూసి, పీఠం మీద పెట్టి అటూ ఇటూ కొద్దిగా జరిపి తియ్యండి. పీఠం మీద రంగు ఎక్కడ అంటిందో అక్కడే బ్లేడు ఆనుతోంది. నోటి దగ్గర రెండు వైపులా అంటాలి. పెయింటు చుక్కలు, పోత మిగులు ఉంటే సన్నని ఆకురాయితో జాగ్రత్తగా తీసెయ్యవచ్చు. పీఠమే వంకరగా మలచి ఉంటే మీరు సరిచేసేది కాదు, వాపసు ఇచ్చెయ్యండి.

లోతు మరని ఒక వైపు తిప్పి, మళ్ళీ వెనక్కి తిప్పండి. బ్లేడు కదలకుండా మర ఖాళీగా ఎంత తిరుగుతుందో చూడాలి. పావు చుట్టు బ్రహ్మాండం, అర చుట్టు ఫరవాలేదు, పూర్తి చుట్టు దాటితే చిరాకు పుట్టిస్తుంది. జాక్ అయితే పక్క గోడలు అడుగుకి 90 డిగ్రీల్లో ఉన్నాయో లేదో మూలమట్టంతో చూడండి, షూటింగ్ బోర్డు మీద ఆ పక్కే అడుగు అవుతుంది. బ్లాక్‌కి ఈ పట్టింపు అంతగా లేదు.

6. రెండో బ్లేడు, సానరాయి: బడ్జెట్‌లో ముందే పక్కన పెట్టండి

ఉన్న డబ్బంతా ఒంటి మీద పెట్టి, ఒకే బ్లేడుతో, రాయి లేకుండా ఇంటికి రావడం ఈ కొనుగోలులో జరిగే పెద్ద దుబారా. పై మెట్టు జాక్ బదులు మధ్య మెట్టుది తీసుకుని, మిగిలిన డబ్బుతో ఇంకో బ్లేడు, రెండు ముఖాల సానరాయి, హోనింగ్ గైడ్ (నూరేటప్పుడు బ్లేడుని ఒకే కోణంలో పట్టి ఉంచేది) కొంటే పని మెరుగ్గా నడుస్తుంది. కొనేముందే ఆ మోడల్‌కి విడి బ్లేడు దొరుకుతుందో లేదో కనుక్కోండి. దొరకకపోతే దాని ధర ఎంత తక్కువైనా నేను వద్దంటాను.

మొదటి బ్లేడు 25 లేదా 30 డిగ్రీలది, కొసలకి, మామూలు పనికి. రెండోది తిరుగుడు నారకి. దీన్ని 50 డిగ్రీలకి మొత్తం వాలు నూరనక్కరలేదు, గైడ్‌లో పెట్టి అంచు మీద ఒక సన్నని వాలు ఇస్తే చాలు. టేకుతో ఎక్కువ పని ఉంటే పదును నిలిచే స్టీల్‌కి కాస్త ఎక్కువ పెట్టడం న్యాయమే. టేకులో ఇసుక లాంటి సిలికా ఉంటుంది, అది అంచుని త్వరగా మొద్దు చేస్తుంది. వెరిటాస్‌లో ఓ1, పీఎం-వి11 లాంటి స్టీల్ రకాలు ఇస్తారు. ఓ1 నూరడం తేలిక, పీఎం-వి11 ఎక్కువసేపు నిలుస్తుంది, ధరా ఎక్కువే.

పదును పెట్టేటప్పుడు లో-యాంగిల్‌కి ఉన్న రెండు చాదస్తాలు తెలుసుకోవాలి. అరుగుదల బ్లేడు కింది ముఖం మీద కూడా వస్తుంది, అక్కడ చెక్కకి, బ్లేడుకి మధ్య ఉన్న సందు 12 డిగ్రీలే. పై వాలు ఒక్కటే నూరి ఊరుకుంటే ఆ అరుగుదల అలాగే ఉండిపోయి, అంచు పదునుగా కనిపిస్తూనే చెక్క మీద జారుతుంది. ప్రతిసారీ కింది ముఖాన్ని కూడా రాయి మీద శుభ్రంగా రుద్దాలి. రెండోది, బ్లేడు అంచుకి ఇచ్చే ఒంపు. పలక ముఖం మీద బ్లేడు మూలల గీతలు పడకుండా అంచుని కొంచెం విల్లులా నూరుతారు. 45 డిగ్రీల చిత్రికలో మూలలు 0.1 మి.మీ. పైకి ఉండాలంటే బ్లేడు మీద 0.14 మి.మీ. అరగదీస్తే చాలు. 12 డిగ్రీల పీఠంలో అదే ఫలితానికి దాదాపు 0.48 మి.మీ. తియ్యాలి, అంటే మూడు రెట్ల పైమాటే. అందుకే చాలామంది ఒంపు జోలికి వెళ్ళక, మూలలు మాత్రం కాస్త గుండ్రం చేసి సరిపెట్టుకుంటారు. పలక ముఖాల పనికి మామూలు నంబర్ 4కే నేను ఓటు వెయ్యడానికి ఇది కూడా ఒక కారణం.

7. పాతవి, విదేశాల నుంచి తెప్పించుకునేవి

అమెరికాలో ఉన్న మనవాళ్ళకి ఎస్టేట్ సేల్స్‌లో (ఇంటి పాత సామాను అమ్మకాల్లో) పాత స్టాన్లీ 60½, 65 బ్లాక్ ప్లేన్లు దొరుకుతుంటాయి. తుప్పు చూసి భయపడకండి, పైపై తుప్పు పోతుంది. భయపడాల్సింది పగుళ్ళకి, నోటి దగ్గర ఊడిన ముక్కలకి. పాత స్టాన్లీ 62 జాక్ 1905 నుంచి 1940ల మొదటి దాకా వచ్చింది. నోటి వెనక పీఠం పలచగా ఉండి అక్కడే విరిగేది, పైగా సేకరించేవాళ్ళు ధర పెంచేశారు. పని చేసుకోవడానికైతే కొత్తదే మేలు.

ఇండియాకి తెప్పించుకుంటే సరుకు ధర ఒక్కటే చూడకండి, షిప్పింగ్, కస్టమ్స్ సుంకం, జీఎస్‌టీ, కొరియర్ వాళ్ళ ఛార్జీ అన్నీ కలపండి. జాక్ రెండున్నర కిలోల దాకా ఉంటుంది కాబట్టి షిప్పింగే నొప్పి. బంధువుల చేత తెప్పించుకునేవాళ్ళు బ్లేడు విడదీసి, అట్టలో చుట్టి, చెక్-ఇన్ సామానులో పెట్టమని ముందే చెప్పాలి. చేతి సంచిలో పెడితే ఎయిర్‌పోర్టులోనే వదిలేసి రావాలి. దూరం నుంచి తెప్పించుకున్నది వాపసు ఇవ్వడం దాదాపు కుదరదు. అలాంటప్పుడు మాత్రం పై మెట్టు సరుకు తీసుకోవడమే లాభం, పెట్టె తెరిస్తే సరిగ్గా ఉంటుందనే భరోసాకే ఆ అదనపు డబ్బు.

8. మొదటి కోత

బ్లేడు నూరిన వాలు పైకి ఉందని చూసుకోండి (అలవాటు కొద్దీ తిరగేసి పెట్టేవాళ్ళు ఉన్నారు). లీవర్ క్యాప్‌ని (బ్లేడుని పై నుంచి అదిమిపెట్టే మూతని) బ్లేడు జారకుండా, మర మాత్రం తిరిగేంత బిగించండి. మరీ బిగిస్తే ఒళ్ళే వంగుతుంది. అంచు పూర్తిగా లోపలికి లాగి, చిత్రికని చెక్క మీద తోస్తూ కొంచెం కొంచెంగా దించండి. ముందు ఎడమ మూలతో ఒక చిన్న ముక్క మీద, తర్వాత కుడి మూలతో. రెండు వైపులా పొట్టు ఒకే మందంలో వస్తే బ్లేడు తిన్నగా ఉన్నట్టు. నోటిని అన్నిటికన్నా చివర్లో, లోతు కుదిరాకే సన్నం చెయ్యండి. ముందే మూసేసి లోతు పెంచితే అంచు వెళ్ళి ఇనుముకి కొట్టుకుంటుంది.

పలక కొస తీసేటప్పుడు అవతలి అంచు చీలకుండా ఒక వ్యర్థపు ముక్క ఆనించి బిగించండి, లేదా రెండు వైపుల నుంచి మధ్యకి తొయ్యండి. ఎండు చెక్క కొస మొండికేస్తే కాస్త స్పిరిట్ రాసి చూడండి, నార మెత్తబడి పొట్టు పొడి కాకుండా ముక్కగా వస్తుంది.

విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు ఊళ్ళలో ఉంటే పని అయ్యాక అడుగుని పొడిగుడ్డతో తుడిచి, కుట్టుమిషన్ నూనె సన్నగా రాసి పెట్టండి. చేతి చెమట తగిలిన చోట వేలిముద్రల ఆకారంలోనే తుప్పు లేస్తుంది.